చిన్నక్షరాల పెదనాన్న

మా పెదనాన్న చదవకుండా ఏ డబ్బా మూతా తియ్యడు. తాను తియ్యడు, ఇంకొకళ్ళని తియ్యనివ్వడు. చదవడమంటే మనలా పైన పేరు చూసి ఊరుకోవడం కాదు. డబ్బాని వెనక్కి తిప్పి, అడుగున చీమల బారులా ఉండే అక్షరాల మీద భూతద్దం పెట్టి, గొంతెత్తి, కామా దగ్గర ఆగి, చుక్క దగ్గర ఊపిరి పీల్చుకుని మొత్తం చదవాలి. అప్పటిదాకా మనకి దగ్గొస్తే దగ్గుతూ ఉండాలి, తలనొప్పి వస్తే తల పట్టుకుని కూచోవాలి.

"మందివ్వు పెదనాన్నా, తల పగిలిపోతోంది."

"ఆగమ్మడూ, 'ఖాళీ కడుపుతో తీసుకొనరాదు' అని ఉంది. ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

"ఎప్పుడు?"

ఇలా విచారణ పూర్తయ్యేసరికి సగం తలనొప్పులు వాటంతటవే విసుగెత్తి వెళ్ళిపోయేవి. పెదనాన్న ఆ ఘనత లేబులుకే కట్టబెట్టేవాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ముప్ఫై రెండేళ్ళు లేబుళ్ళ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. సబ్బులు, సిరప్పులు, రంగులు, ఎలకల మందులు, వేటి మీద చిన్నక్షరాలైనా ముందు ఆయన కళ్ళ కిందనుంచి వెళ్ళాల్సిందే. రిటైరైన రోజున ప్రెస్సు వాళ్ళు దండ వేసి ఆయన్ని వదిలేశారు గానీ, ఆయన మాత్రం ప్రెస్సుని వదల్లేదు. "పెద్దక్షరాలు అమ్మేవాడివి, చిన్నక్షరాలు మనవి" అనేవాడు. వీధిలో పిల్లలు ఆయనకి భూతద్దం తాత అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు చిన్నక్షరాలాయన అనేవారు. పెద్దమ్మ ఏమనేదో ఆ రోజు మూడ్‌ని బట్టి ఉండేది.

"పెళ్ళయిన కొత్తలో" అని పెద్దమ్మ మొదలుపెట్టేది, "చక్కగా పౌడరు రాసుకుని ముస్తాబై వచ్చి నిలబడ్డానమ్మా. ఈ మహానుభావుడు నన్ను దాటుకుని వెళ్ళి పౌడరు డబ్బా అందుకున్నాడు. 'గాలి తగలని చోట ఉంచవలెను' అని చదివి, కిటికీ మూసి, డబ్బాని జాగ్రత్తగా అలమరలో పెట్టి పడుకున్నాడు."

"డబ్బా పాడవలేదుగా!" అని పెదనాన్న లోపలి గదిలోంచి అరిచేవాడు.

ఒకసారి కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకున్నాం. కిటికీ తెర గాలికి ఎగిరి దాని మీద పడింది, భగ్గుమంది. మెట్ల దగ్గర మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతూ ఉంటుంది. అదీ పెదనాన్న ముందుచూపే. పరిగెత్తుకెళ్ళి దాన్ని దింపాడు. దింపి, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఒకటి. సిలిండరును నిటారుగా పట్టుకొనవలెను."

"ఏమండీ, తెర!"

"రెండు. పిన్నును..."

పెద్దమ్మ తెరని లాగి కింద పడేసి బకెట్టెడు నీళ్ళు గుమ్మరించింది. మంట చుయ్యిమని ఆరిపోయింది. పెదనాన్న తలెత్తాడు.

"ఆర్పేశావా? ఇంకా నాలుగు అంశాలున్నాయే!"

ఆ నాలుగూ కూడా చదివాడు. మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తాయట. ఆఖర్న ఆయన మొహం వెలిగిపోయింది. "ఇది చూడవే! 'మంటలను క్షణాల్లో ఆర్పును' అనాల్సింది, సున్న ఎగిరిపోయి దీర్ఘం పడింది. 'మాటలను క్షణాల్లో ఆర్పును' అని అచ్చేశాడు!"

పెద్దమ్మ చెయ్యి చాచింది. "ఇటివ్వండి. నాకెప్పట్నుంచో కావాల్సింది అదే."

మా వీధి చివర కిరాణా కొట్టుంది. పెదనాన్న సంచి పట్టుకుని దూరాన కనబడగానే కొట్టాయన కేకేసేవాడు: "తొందరలో ఉన్నవాళ్ళు ముందుకి రండమ్మా! పెద్దాయన వచ్చేస్తున్నారు!" ఒక బట్టల సోడా పొట్లం కొనడానికి ఆయనకి పావుగంట పట్టేది. దాన్ని కొట్టు ముందు నిలబడి బహిరంగసభలో ఉపన్యాసంలా చదివేవాడు. పక్కన నేనుంటే సిగ్గుతో పప్పుల బస్తా వెనక్కి తప్పుకునేదాన్ని. "మనసులో చదువుకోవచ్చుగా పెదనాన్నా" అంటే, "మనసులో చదివితే తప్పులు దాక్కుంటాయే" అనేవాడు.

నా పెళ్ళయ్యాక మేము వాళ్ళ మేడ మీద వాటాలోనే దిగాం. నాకు కూతురు పుట్టింది. దాన్ని బుడ్డిది అని పిలిచేవాళ్ళం. దానికి ఏడాదిన్నర వచ్చేసరికి నాలుగు పళ్ళు, నలభై మాటలు, ఎప్పుడూ నోట్లో ఉండే బొటనవేలు ఉన్నాయి. నేనూ మా ఆయనా ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళం. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని పిల్లని రెండు వీధుల అవతల బేబీకేర్‌లో దింపేదాన్ని. రెండు గదుల ఇల్లు, పన్నెండుమంది పిల్లలు, వాళ్ళందరినీ చూసుకునే ఒక ఆయమ్మ. మనిషి సన్నగా ఉంటుంది గానీ, ఆవిడ 'ఊఁ' అంటే పన్నెండుమందీ ఒకేసారి నిద్రపోయేవారు. నాకది ఇప్పటికీ చేతకాలేదు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. దోమలు దండు కట్టాయి. పక్క వీధిలో ఇద్దరికి జ్వరాలు వచ్చి ఆసుపత్రిలో చేర్చారని తెలిసేసరికి అందరి గుండెల్లో రాయి పడింది. పెదనాన్న మాత్రం ఇంటి చుట్టూ నిలవనీళ్ళున్న ప్రతి చిప్పా, ప్రతి టైరూ బోర్లించి, బుడ్డిదాని మంచానికి దోమతెర కట్టాడు. ఆ తెర లేబులు కూడా చదివాడు. 'చేతితో ఉతకవలెను' అన్న ఒక్క ముక్కే ఉందని కాస్త నిరుత్సాహపడ్డాడు.

నేను దోమల చుట్ట తెస్తే దాని పెట్టె చదివాడు. "'గాలి ఆడే గదిలో వాడవలెను.' మనమేమో తలుపులు బిడాయించి వెలిగిస్తాం. దోమకీ పొగే, పిల్లకీ పొగే. దోమైతే సందు చూసుకుని పోతుంది, పిల్ల ఎక్కడికి పోతుంది?"

ప్లగ్గుకి పెట్టే ద్రవం తెస్తే అదీ చదివాడు. "'పిల్లలకు అందకుండా ఉంచవలెను.' ప్లగ్గెక్కడుంది? బుడ్డిదాని ముక్కు ఎత్తులో. పైగా గులాబీరంగు! అది షర్బత్ అనుకోదూ?"

నాకు ఒళ్ళు మండింది. "నీకు దోమలంటే అంత ప్రేమేంటి పెదనాన్నా?"

"ప్రేమేమిటే నా మొహం! దోమ కుడితే జ్వరం వస్తుంది, నాకు తెలీదా? దొంగని పట్టుకోడానికి కాపలావాణ్ణి పెట్టుకోవాల్సిందే. కాకపోతే కాపలావాడి సంగతీ కాస్త కనుక్కుని పెట్టుకోమంటున్నాను."

బేబీకేర్‌లో తల్లిదండ్రులందరం కలిసి మాట్లాడుకున్నాం. పిల్లలకి మంచి గట్టి దోమల మందు రాయించాలని తీర్మానించాం. తెచ్చే పని నాకు అప్పగించారు. వీధి చివర కొట్లో కొంటే పెదనాన్న కంట పడుతుంది, పడితే గంట ఉపన్యాసం. అందుకని ఆఫీసు పక్కన, కొండలెక్కేవాళ్ళకి సామాన్లమ్మే దుకాణంలో కొన్నాను. ఆకుపచ్చ సీసా. దాని మీద పిడికిలంత అక్షరాలు: 'పన్నెండు గంటలు! దోమ దరి చేరదు!' నాకు కావాల్సింది అదే. వెనక్కి తిప్పి చూడలేదు. నేను పని చేసేది బీమా ఆఫీసులో. చిన్నక్షరాలు అచ్చు వేయించేదే మేము, మాకు మాత్రం వాటిని చదివే అలవాటుండదు.

మెట్లెక్కుతుంటే పెదనాన్న అడిగాడు. "ఏమిటే సంచిలో?"

"ఏం లేదు పెదనాన్నా, ఆఫీసు కాయితాలు."

మర్నాడు పొద్దున సీసా ఆయమ్మ చేతిలో పెట్టాను. "రోజుకి రెండు మూడు సార్లు బాగా రాయి ఆయమ్మా. చేతులకి, కాళ్ళకి, మొహానికి. ఎక్కడా వదలొద్దు."

ఆయమ్మ సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "అలాగేనమ్మా" అంది.

మూడో రోజు పన్నెండింటికి ఆఫీసుకి ఫోనొచ్చింది. ఆయమ్మ చేసింది. "అమ్మా, పాప కళ్ళు ఎర్రగా అయిపోయినయ్యి. రెండుసార్లు కక్కుకుంది. పిలిస్తే మత్తుగా చూస్తోంది. మిగతా పిల్లలు కూడా కళ్ళు నులుముకుంటున్నారు."

ఆఫీసు నుంచి అక్కడికి గంట ప్రయాణం. ఇంటికి ఫోన్ చేశాను. పెదనాన్న ఎత్తాడు. నేను సగం చెప్పేసరికే అవతల రిసీవరు పెట్టేసిన చప్పుడు వినబడింది.

తర్వాత జరిగింది ఆయమ్మ చెప్పగా విన్నాను. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పెద్దమ్మ చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చాడట. గుమ్మంలోనే ఆగి గాలి వాసన చూసి, "ఏం రాశావమ్మా?" అని అడిగాడట. ఆయమ్మ ఆకుపచ్చ సీసా చూపించింది. పెదనాన్న దాన్ని తిప్పి, అద్దం పెట్టి, చదివాడు.

"పైకి చదవలేదమ్మా!" అంది ఆయమ్మ, ఆ సంగతి చెప్పేటప్పుడు కళ్ళు పెద్దవి చేసి. "మనసులో చదువుకున్నాడు. పెద్దయ్య మనసులో చదవడం నేనెప్పుడూ చూళ్ళేదు. అప్పుడేసింది నాకు భయం."

చదివి, "సబ్బు, నీళ్ళు" అన్నాడట. పన్నెండుమందినీ వరసగా కూచోబెట్టి ముందు చేతులు, తర్వాత మొహాలు, తర్వాత కాళ్ళు కడిగారు. కళ్ళలో మంచినీళ్ళు పోశారు. మందంటిన బట్టలు విప్పేశారు. వాంతి చేయించుదామా అని పక్కింటావిడ అడిగితే, "వద్దు, 'వాంతి చేయించరాదు, వెంటనే వైద్యుని సంప్రదించవలెను' అని ఉంది" అని బుడ్డిదాన్ని భుజాన వేసుకుని, సీసా జేబులో పెట్టుకుని దవాఖానాకి వెళ్ళాడు.

నేను అక్కడికి చేరేసరికి బుడ్డిది ఆయన ఒళ్ళో కూచుని భూతద్దం లాక్కునే ప్రయత్నంలో ఉంది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి గానీ మత్తు లేదు. నన్ను చూసి, "అమ్మా, ఛీ" అంది. దేన్ని ఛీ అందో గానీ, నాకు మాత్రం నన్నే అన్నట్టనిపించింది.

డాక్టరమ్మ సాయంత్రం దాకా ఉంచుకుని చూస్తానంది. "మీ పెద్దాయన వచ్చీ రావడంతోనే సీసా బల్ల మీద పెట్టి, మందు పేరు, ఎంత శాతం, ఎప్పుడు రాశారు, ఎన్నిసార్లు రాశారు, అన్నీ చెప్పేశారు. నా పని సగం తగ్గింది. సీసా వెంట తెచ్చుకోవాలన్న ఆలోచనే చాలామందికి రాదు" అంది.

"దోమల మందు పిల్లలకి అసలు వాడకూడదా డాక్టరుగారూ?" అడిగాను.

"వాడొచ్చు. నెలల పసికందులకైతే దోమతెరే మంచిది. కాస్త పెద్దవాళ్ళకి వాళ్ళ వయసుకి తగ్గవి, తక్కువ మోతాదువి ఉంటాయి. మీరు తెచ్చింది అడవుల్లో పనిచేసే మగాళ్ళకి తయారుచేసింది. పైగా చేతులకి రాశారు, పాప వేలు చీకుతుంది. మొహానికి రాశారు, కళ్ళలోకి పోయింది. మళ్ళీ మళ్ళీ రాశారు, కడగలేదు. చిన్న ఒళ్ళమ్మా, ఎంతని తట్టుకుంటుంది?"

పెదనాన్న 'నేను చెప్పలేదూ' అని ఒక్క మాటన్నా అనుంటే నాకు హాయిగా ఉండేది. "బిడ్డకి పాలు పట్టొచ్చా అమ్మా?" అని డాక్టరమ్మని అడిగి, పట్టొచ్చంటే పాలు తేవడానికి వెళ్ళాడు. అప్పుడు చూశాను, ఆ రెండు రకాల చెప్పుల్ని.

మర్నాడు బేబీకేర్‌లో పంచాయితీ పెట్టారు. నాతో పెదనాన్న కూడా వచ్చాడు. తల్లులు, తండ్రులు అందరూ ఆయమ్మ చుట్టూ చేరారు. బుడ్డిది తప్ప మిగతా పిల్లలందరికీ కళ్ళ మంటతో, ఒంటి మీద దద్దుర్లతో సరిపోయింది. కానీ భయపడినవాళ్ళకి కోపం ఎక్కువ. అందులో ఒకాయన కాలేజీ లెక్చరరు. వేలు చూపించి మరీ అడిగాడు.

"సీసా మీద అంత స్పష్టంగా రాసుంటే చదవకుండా ఎలా పూశావమ్మా? నిన్ను నమ్మి పిల్లల్ని వదులుతున్నాం!"

ఆయమ్మ తల దించుకుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. మాట్లాడాల్సింది నేను. నేను నా సంచి జిప్పు తీస్తూ, వేస్తూ ఉన్నాను.

పెదనాన్న మెల్లిగా లేచి, జేబులోంచి ఆకుపచ్చ సీసా తీసి లెక్చరరు చేతిలో పెట్టాడు.

"మీరు చదవండి బాబూ. గట్టిగా."

లెక్చరరు సీసా వెనక్కి తిప్పాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. చెయ్యి చాచి దూరంగా పెట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "పి... పిల్లి... పిల్లికి..."

"పిల్లలకు" అన్నాడు పెదనాన్న. "పిల్లిదాకా వచ్చారు, సంతోషం. అమ్మా, మీరు చూడండి."

సీసా చేతులు మారింది. ఒకావిడ 'వెలుతురు లేదు' అంది. ఇంకొకాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. గదంతా తిరిగి సీసా మళ్ళీ పెదనాన్న దగ్గరికే వచ్చింది, ఒక్క వాక్యం కూడా బయటికి రాకుండా.

"మా ప్రెస్సు కొలతలో ఇవి నాలుగు పాయింట్ల అక్షరాలు" అన్నాడాయన. "నువ్వుగింజ మీద రాయడానికి పనికొస్తాయి. ప్రాణం మీదకొచ్చే మాటని ఇంత చిన్నగా అచ్చేసినవాణ్ణి అడగాలి. ఇంత చదువుకున్నవాళ్ళం మనకే కూడబలుక్కుంటే గానీ పలకడం లేదు. ఆవిణ్ణంటే ఏం లాభం?"

అప్పుడు నేను ముందుకొచ్చాను. "కొన్నది నేను. వెనక్కి తిప్పి చూడలేదు. చేతులకి, మొహానికి రాయమని చెప్పింది కూడా నేనే. ఆయమ్మ నేను చెప్పినట్టు చేసింది."

లెక్చరరు గొంతు సవరించుకుని, "క్షమించమ్మా" అన్నాడు ఆయమ్మతో. తర్వాత ఎందుకైనా మంచిదని పెదనాన్నకి కూడా చెప్పాడు.

అందరూ వెళ్ళిపోయాక ఆయమ్మ పెరట్లో గ్లాసులు కడుగుతుంటే దగ్గరికి వెళ్ళాను. "నన్ను క్షమించు ఆయమ్మా."

"మీరేం చేస్తారమ్మా." గ్లాసు బోర్లించింది. ఇంకోటి తీసుకుంది. తర్వాత నావైపు చూడకుండా అంది. "నాకు చదువు రాదు. పెద్దయ్యకి తెలుసు. అందుకే సీసా నా చేతికి ఇవ్వకుండా అందరికీ తిప్పి, మళ్ళీ తనే పుచ్చుకున్నాడు."

నేను మెట్టు మీద కూచున్నాను.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆరేడేళ్ళయింది. కొట్లో ఫినాయిలు సీసా తిప్పి తిప్పి చూస్తున్నాను. బొమ్మ చూస్తే ఒకలా ఉంది, రంగు చూస్తే ఇంకోలా ఉంది. పెద్దయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. 'అమ్మా, నా కళ్ళు మసకేస్తున్నాయి, సరిగ్గా చదువుతున్నానో లేదో కాస్త వింటావా' అని అదంతా పైకి చదివాడు. అప్పట్నుంచి నేనేం కొనాలన్నా ఆయనొచ్చే వేళకే వెళ్తాను. నేను వెనకాల నిలబడితే ఆయన నా వంక చూడడు. కానీ నేను పట్టుకున్న డబ్బా లాంటిదే ఇంకోటి తీసి చదువుతాడు. నేనొక్కదాన్నే కాదమ్మా, ఇళ్ళకి రంగులేసే ఆయన కూడా అంతే. ఎదురింటి ముసలమ్మ కూడాను, ఆవిడకి చదువొచ్చు గానీ చూపు ఆనదు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఆయనకి పిచ్చి అనుకుంటారు, అంతే."

కడిగిన గ్లాసులన్నీ వరసగా పెట్టి, చేతులు తుడుచుకుని, చివరికి అంది.

"ఆ ఆకుపచ్చ సీసా మన కొట్లోనే కొంటారనుకున్నానమ్మా. అక్కడైతే వినేదాన్ని."



ఆ శనివారం పెదనాన్నతో పాటు కొట్టుకి వెళ్ళాను. పిల్లలకి తగిన దోమల మందు కొనాలి. కొట్టాయన నాలుగు రకాలు బల్ల మీద పెట్టాడు. నేను బస్తా వెనక్కి తప్పుకోకుండా పక్కనే నిలబడ్డాను. కొట్టాయన నావైపు వంగి, "మొదట్లో నేనూ విసుక్కునేవాణ్ణమ్మా. ఒకసారి ఈయన జ్వరమొచ్చి వారం రోజులు రాకపోతే, కొందరు ఏమీ కొనకుండా తిరిగి వెళ్ళిపోయారు. అప్పుడర్థమైంది" అని గుసగుసలాడాడు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "'పెద్దలు ముందుగా తమ అరచేతిలో వేసుకొని పిల్లలకు రాయవలెను. పిల్లల చేతులకు, కళ్ళకు, నోటికి, పుండ్లకు రాయరాదు. బట్టల లోపల రాయరాదు. ఇంటికి వచ్చిన వెంటనే సబ్బుతో కడగవలెను.'"

నేను అక్షరాలు కాక మనుషుల్ని చూశాను. వెనకాల ఆయమ్మ పెదవులు కదుపుతూ బట్టీ పడుతోంది. రంగులాయన కనుబొమలు ముడిచాడు, ఎక్కడో తప్పిపోయినట్టున్నాడు. పెదనాన్న ఓరకంట చూశాడు. వెంటనే దగ్గొచ్చింది ఆయనకి. "ఛ, ఎక్కడున్నానో మర్చిపోయాను" అని మళ్ళీ 'అరచేతిలో' దగ్గర్నుంచి అందుకున్నాడు. రంగులాయన తలాడించాడు. ఎదురింటి ముసలమ్మ, "ఆ కడగడం ముక్క ఇంకోసారి నాయనా" అనబోయి ఆగిపోయింది. అడగకుండానే పెదనాన్న ఆ ముక్క ఇంకోసారి చదివాడు. ఈసారి కళ్ళజోడు మీద నింద వేశాడు.

ఒక్కొక్కళ్ళే కావాల్సింది తీసుకుని వెళ్ళిపోయారు. కొట్టు ముందు మేమిద్దరమే మిగిలాం. పెదనాన్న ఇంకా చదువుతూనే ఉన్నాడు, అదే గొంతుతో, అంతే శ్రద్ధగా.

"'తయారీదారుల చిరునామా. షెడ్డు నంబరు పద్నాలుగు, రెండవ అడ్డరోడ్డు, పారిశ్రామికవాడ...'"

"పెదనాన్నా, అందరూ వెళ్ళిపోయారు" అన్నాను. "ఈ చిరునామా ఎవరి కోసం?"

పెదనాన్న ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. నిజంగానే ఎవరూ లేరు. దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు.

"ఇదా? ఇది నా సరదాకే. ఇటు చూడవే, పిన్‌కోడులో ఒక సున్న ఎక్కువ పడింది! పాపం, వీళ్ళకి ఒక్క ఉత్తరం కూడా వెళ్ళి ఉండదు!"